బండి కాగితాల్లో ఆయన పేరు

బండిని ఆఫ్రికాలో వదిలేసి వచ్చావటగా అని రేపల్లెలో నన్ను అడగని మనిషి లేడు. మనిషిని వదిలేసి వచ్చావా అని మాత్రం ఎవరూ అడగలేదు. అది అడగడానికి నోరు రాక బండి గురించి అడిగేవాళ్లు. నాకసలే ముక్కు మీద కోపం. "అవును, వదిలేశాను, నువ్వెళ్లి తోలుకురా" అనేదాన్ని. వాళ్లు నొచ్చుకునేవాళ్లు కాదు. పోనీలే, పుట్టెడు దుఃఖంలో ఉంది అని ఊరుకునేవాళ్లు. ఆ జాలి చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండేది.

మా ఆయన తెనాలిలో ఐటీఐ మేష్టారు. కుర్రాళ్లకు మోటారు మెకానిక్ పని నేర్పేవారు. నేను ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరయ్యాను. ఇల్లు రేపల్లెలోనే కాబట్టి ఉద్యోగమంతా ఆయన రేపల్లె–తెనాలి రైల్లోనే గడిపారని చెప్పాలి. ఆయనకు కోరికలు తక్కువ. ఉన్నదల్లా ఒకటే, తన చేత్తో బాగుచేసుకున్న వ్యానులో దూరదేశం వెళ్లాలని. ఏ దేశమండీ అంటే, "ఏ ఊరు, ఏ పేట, ఎవరి తాలూకు అని అడగని దేశం" అనేవారు. నవ్వుతూనే అనేవారు. ఆ మూడు ప్రశ్నలూ జనం అదే వరసలో ఎందుకు అడుగుతారో మా ఇద్దరికీ తెలుసు, కాబట్టి నేను నవ్వేదాన్ని కాదు.

రిటైరయ్యాక ఒక పాత డీజిల్ వ్యాను కొన్నారు. వెనక సీట్లు పీకేసి పరుపు వేశారు, గ్యాస్ పొయ్యి బిగించారు. ఈ వయసులో ఇదేం పిచ్చి అని నేను రోజూ సాధించాను. సాధిస్తూనే పచ్చళ్లు పెట్టాను. ముంబైలో బండిని ఓడెక్కించి, మేం విమానమెక్కి, మొంబాసా రేవులో దాన్ని దింపుకున్నాం. అక్కడి నుంచి కెన్యా దాటి టాంజానియాలోకి వెళ్లాం. ఆయన అంత హుషారుగా బండి తోలడం నేనెప్పుడూ చూడలేదు. దారిలో ఎవరు కనిపించినా చెయ్యి ఊపేవారు. వాళ్లూ ఊపేవాళ్లు. "చూశావా, ఎవరూ ఏమీ అడగట్లా" అనేవారు.

కొండల మీద ఒక చిన్న ఊళ్లో ఆగినప్పుడు, పొద్దున్నే టీ పెడుతుంటే గుండెలో నొప్పి అన్నారు. ఆ ఊరివాళ్లే మా బండిలోనే ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లారు. మాలాంటి లూథరన్ సంఘం నడిపే ఆసుపత్రి అది. గేటు మీద సిలువ చూసి, మనవాళ్లే, ఫరవాలేదు అనుకున్నాను. మధ్యాహ్నానికి ఆయన పోయారు.

అక్కడి పాస్టరు మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, "అమ్మా, ఈయన్ని ఏ పేరుతో దేవుడికి అప్పగించాలి?" అని ఇంగ్లీషులో అడిగాడు. నేను చర్చి పేరు చెప్పాను. ఆసుపత్రివాళ్లూ అదే రాసుకున్నారు. ఇంకో పేరు ఉందన్న సంగతే ఆ క్షణంలో నాకు తట్టలేదు. తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను.

తెలియనివాళ్ల కోసం చెప్పాలి. మా వైపు క్రైస్తవుల ఇళ్లలో చాలామందికి రెండు పేర్లుంటాయి. బాప్తిస్మం ఇచ్చేటప్పుడు అయ్యగారు పెట్టేది చర్చి పేరు. ఇంట్లో పిలిచేదీ, పెళ్లిలో చదివేదీ, ప్రార్థనలో తలుచుకునేదీ అదే. బడిలో చేర్చేటప్పుడు మేష్టారు రాసేది బడి పేరు. దాని పక్కన కులం గడి ఉంటుంది. హాస్టల్లో సీటు, స్కాలర్‌షిప్పు, ఉద్యోగం అన్నీ ఆ గడిని బట్టే. అక్కడ చర్చి పేరు రాస్తే గడిలో వేరే మాట పడుతుంది, అంతటితో అన్నీ పోతాయి. చర్చికి వెళ్లినంత మాత్రాన మా పేట ఊరి మధ్యలోకి జరిగిందా? మా మామగారికి టీకొట్టులో గ్లాసు మారిందా? ఏదీ మారలేదు. కాగితం మాత్రం మారిపోవాలంటారు. అందుకని ఒక పేరు దేవుడికి, ఒక పేరు సర్కారుకు ఇచ్చి బతికాం. ఇందులో దొంగతనం ఉందని ఎవరైనా అంటే వాళ్లతో పోట్లాడే ఓపిక ఒకప్పుడు నాకుండేది.

ఆయన పాస్‌పోర్టు, లైసెన్సు, బండి కాగితాలు అన్నీ బడి పేరు మీద ఉన్నాయి. ఆసుపత్రివాళ్ల కాగితం, చర్చివాళ్ల భూస్థాపన పుస్తకం, వాటిని చూసి ఆ దేశం వాళ్లు ఇచ్చిన మరణ ధ్రువీకరణ పత్రం చర్చి పేరు మీద ఉన్నాయి. ఆయన్ని ఇంటికి తీసుకురావడం నా ఒక్కదాని వల్ల కాలేదు. ఆ ఆసుపత్రి వెనక తోటలోనే మట్టి చేశారు. ఊరూ పేరూ తెలియని మనుషులు వచ్చి నా భర్త కోసం పాటలు పాడారు. బండి ఆసుపత్రి ఆవరణలో పెట్టి నేను తిరిగొచ్చాను.

వచ్చాక మొదలయ్యాయి అసలు తిప్పలు. మన బండిని వేరే దేశం తీసుకెళ్లాలంటే కార్నెట్ అని ఒక పుస్తకం ఇస్తారు. బండికి పాస్‌పోర్టు లాంటిది. దేశానికొక ఆకు. లోపలికి వెళ్లినప్పుడు కస్టమ్స్ వాళ్లు ఒక ముద్ర వేస్తారు, బయటికి వచ్చినప్పుడు ఇంకో ముద్ర వేస్తారు. ఏడాదిలోపు బండి బయటికి రావాలి. రాకపోతే, అక్కడే అమ్మేశామని రుజువు చూపించి, సుంకం కట్టి, బండి ఆ దేశంలోనే ఉండిపోయింది అని ఆ ఆకు మీద రాయించుకోవాలి. లేదంటే ఇక్కడ మనం కట్టిన హామీ సొమ్ము పోవడమే కాదు, బండిని దొంగతనంగా అమ్ముకున్నారని ఆయన పేరు మీద కేసు పడుతుంది. పోయిన మనిషి మీద ఆ మాట నేను పడనివ్వను.

కొనేవాళ్లు దొరకలేదని కాదు. ఆ ఆసుపత్రివాళ్లే అడిగారు. కొండ మీది పల్లెల నుంచి కాన్పులకు ఆడవాళ్లను తీసుకురావడానికి వాళ్లకు బండి లేదు. సుంకం సంగతి మేం చూసుకుంటామన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయనకు అంతకంటే ఏం కావాలి? కానీ అక్కడి కస్టమ్స్ ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. కార్నెట్ పుస్తకంలో ఉన్న మనిషి వేరు, చనిపోయిన మనిషి వేరు, అమ్మడానికి మీరెవరు అని. రాయబార కార్యాలయానికి రాస్తే వాళ్లూ ముందు ఆ తేడా తేల్చుకోమన్నారు.

తెనాలిలో బండి రిజిస్ట్రేషను ఆఫీసులో అభ్యంతరం లేదని కాగితం తీసుకుని, అక్కడే కోర్టు వీధిలో నోటరీ చేసే లాయరు దగ్గరికి వెళ్లాను. అతను మా సంఘంవాడే, నన్ను పిన్నిగారూ అంటాడు. కాగితాలన్నీ బల్ల మీద పరిచి ఒక్కొక్కటే చదివాడు.

"రెండు పేర్లూ ఒక మనిషివే అని అఫిడవిట్టు రాయటం ఎంతసేపండీ పిన్నిగారూ. పావుగంట పని. కానీ ఇది బయటి దేశానికి వెళ్లేది. తాసిల్దారు కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు ఇవ్వాలి, దాంతోపాటు ఇది ముద్ర కోసం బాపట్ల కలెక్టరేట్‌కి పోవాలి. అక్కడ ఈ చర్చి పేరు ఫైల్లో పడిందా, రేపు ఎవడన్నా తీసి చూసి, ఈయన మతం ఏంటి, కూతురు ఏ గడిలో ఉద్యోగం తెచ్చుకుంది అంటే ఎట్టా?"

"ఇంకో దారేంటయ్యా మరి?"

"అక్కడోళ్లనే మార్పించమనండి. ఆసుపత్రి కాగితంలో, చర్చి పుస్తకంలో బడి పేరు రాసి కొత్త సర్టిఫికెట్టు ఇచ్చారనుకోండి, ఇక్కడ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు."

అతను చెప్పింది నా మేలు కోరే. రైల్లో వస్తున్నంతసేపూ అతని మీద కోపంగానే ఉంది నాకు. చర్చి పుస్తకంలో పేరు మారిస్తే సమాధి మీదా మారుతుంది. మట్టి సర్దుకున్నాక, పుస్తకంలో ఉన్న పేరు ప్రకారం పలక చేయించి సిలువకు బిగిస్తామని పాస్టరు నాతో చెప్పాడు. ఆయన్ని మా ఇంట్లో ఒక్కరు కూడా బడి పేరుతో పిలిచి ఎరగరు. ఆ పేరుతో పిలిచేది హాజరు పట్టీలో, బ్యాంకులో, ఓటరు జాబితాలో. ఆ పేరు కింద పడుకోబెట్టాలా ఆయన్ని?

మా అమ్మాయి వేటపాలెం దగ్గర హైస్కూల్లో టీచరు. ఆదివారం రేపల్లె వచ్చింది. సంగతంతా విన్నది. వినీవినడంతోనే అంది.

"మార్పించెయ్యమ్మా. అక్కడోళ్లకి ఏ పేరైనా ఒకటే."

"మీ నాన్నకి?"

"నాన్న లేరు కదమ్మా. నేనున్నాను. నాకిద్దరు పిల్లలున్నారు."

నాకు చర్రున కోపం వచ్చింది. అన్నం వడ్డించకుండా లేచి వెళ్లి పెరట్లో నిలబడ్డాను. కాసేపటికి కోపం దిగాక తెలిసింది, అది అన్నదాంట్లో తప్పేం లేదు. ఆ ఉద్యోగం కోసం అది ఎన్నేళ్లు రాత్రీపగలూ చదివిందో నాకు తెలుసు. వాళ్ల నాన్న పోయినప్పుడు విమానం దొరక్క రాలేకపోయి, ఫోన్లో నా చేత మట్టి వేయించి ఏడ్చిన పిల్ల. దానికి తండ్రి మీద ప్రేమ లేక అన్న మాట కాదది. లోపలికి వచ్చి అన్నం పెట్టాను. ఆ సాయంత్రమే దాని చేత పాస్టరుకు ఫోన్లో ఉత్తరం రాయించాను, పేరు మార్చండి అని.

పాస్టరు రెండు రోజుల్లోనే ఫోన్లో మాట రికార్డు చేసి పంపాడు. అమ్మాయి ఇంకా వెళ్లలేదు, ఇద్దరం విన్నాం. సంఘ పెద్దలు కూర్చుని పుస్తకం సరిచేస్తారట, పలక ఇంకా చేయించలేదు కాబట్టి కొత్త పేరుతోనే చేయిస్తారట. చివర్లో నెమ్మదిగా ఇంకో మాట అన్నాడు. "ఇక్కడ ప్రతి ఆదివారం మన సంఘంలో చనిపోయినవాళ్లతో పాటు ఆయన పేరూ చదువుతున్నాం. పిల్లలకు కూడా నోటికి వచ్చేసింది. ఇక నుంచి కొత్త పేరు నేర్చుకుంటాం. ఫరవాలేదు, నేర్చుకుంటాం."

అమ్మాయి ఆ రికార్డు తన ఫోన్లోకి పంపించుకుని బస్సెక్కి వెళ్లిపోయింది.

నవంబరు మొదట్లో సమాధుల పండగ వచ్చింది. ఆ రోజు మావాళ్లంతా సమాధుల తోటకు వెళ్తారు. ముందురోజే గడ్డి పీకి, సమాధులకు సున్నం కొట్టి, మీది అక్షరాలకు కొత్తగా నల్లరంగు వేస్తారు. పండగనాడు సాయంత్రం బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి, ప్రార్థన చేసి వస్తారు. అమ్మాయి సెలవు పెట్టి వచ్చింది. ఎప్పుడూ వాళ్ల నాన్నే అక్షరాలకు రంగు వేసేవారు, గీత పక్కకు పోకుండా, బోల్టు బిగించినంత శ్రద్ధగా. ఈసారి అది కుంచె తీసుకుని వాళ్ల తాతయ్య సమాధి ముందు కూర్చుంది.

సగం రాశాక ఆగింది. "అమ్మా, తాతయ్య బడి పేరేంటి?"

నాకు గుర్తు రాలేదు. ఆ ఇంటి కోడలినై అన్నేళ్లు బతికి, మా మామగారి పింఛను కాగితాలు మోసినదాన్ని, నాకు గుర్తు రాలేదు. పక్క సమాధి దగ్గర సున్నం కొడుతున్న మా తోడికోడల్ని అడిగాను. "ఏమోనక్కా, ఆయన కాగితాలన్నీ తగలబెట్టాం కదా" అంది.

అమ్మాయి కుంచె పట్టుకుని లేచి నిలబడి తోటంతా చూసింది. నేనూ చూశాను. మా పేట పెద్దలు, టీచర్లు, గుమస్తాలు, కూలికెళ్లినవాళ్లు, అందరూ అక్కడే ఉన్నారు. రాళ్ల మీద అన్నీ చర్చి పేర్లే. బడి పేరుతో అక్కడ ఒక్కరూ లేరు. బతికినన్నాళ్లూ కాగితాల్లో వేరే పేరు మోసినవాళ్లు కూడా ఇక్కడికి వచ్చేసరికి దాన్ని గేటు బయట దించేసి వచ్చారు.

సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించాం. తాతయ్యకు, నాయనమ్మకు, చిన్నప్పుడే పోయిన మా మరిదికి. అమ్మాయి చేతిలో ఒకటి మిగిలింది. దాన్ని వెలిగించి, ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ తిరిగింది. మైనం కారి వేళ్ల మీద పడుతున్నా వదల్లేదు. చివరికి తాతయ్య కాళ్ల దగ్గర పెట్టింది. ఆ పూట ఏడ్చినంతగా నేను మా ఆయన పోయిన రోజున కూడా ఏడవలేదేమో.

తర్వాతి వారం బాపట్ల వెళ్లాం. జిల్లాలు విడదీశాక మా రేపల్లె వాళ్లకు కలెక్టరేట్ అక్కడే. తాసిల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు, బండి కాగితాలు, టాంజానియా నుంచి వచ్చిన మరణ పత్రం నకలు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకున్నాను. కొత్త పత్రం ఇంకా రాలేదు, కార్నెట్ గడువేమో దగ్గరపడుతోంది. ఏం చెప్పాలో బస్సులో మనసులోనే వల్లె వేసుకున్నాను. అక్కడివాళ్లు పొరపాటున ఎవరిదో పేరు రాశారు, సరిచేసి పంపుతున్నారు, ఈలోగా మీరు ముద్ర వేయండి. అంతే. అమ్మాయికి కూడా అదే చెప్పాను. అది తలూపింది.

సెక్షన్లో గుమస్తా పెద్దవయసు మనిషి, నెమ్మదస్తుడు. కాగితాలు ఒక్కొక్కటే తిప్పి మరణ పత్రం దగ్గర ఆగాడు.

"ఇదెవరిదమ్మా? పేరు వేరే ఉందే."

"పొరపాటండీ," అన్నాను. "అక్కడోళ్లకి మన పేర్లు తెలియక..."

అక్కడే ఆగాను. ఆ తర్వాత మాట ఎవరిదో పేరు అన్నది. అది నా నోట్లోంచి రాలేదు. నా భర్త పేరును ఎవరిదో పేరు అని ఎట్లా అనేది? గుమస్తా నా మొహంలోకి చూస్తున్నాడు.

"పొరపాటు కాదండీ," అంది మా అమ్మాయి. "అది మా నాన్న పేరే. బాప్తిస్మంలో పెట్టిన పేరు. రికార్డుల్లో ఉన్నదీ ఆయనదే. ఇద్దరూ ఒకళ్లే."

నేను దాని చెయ్యి పట్టుకున్నాను, ఆగమన్నట్టు. అది నా చెయ్యి విడిపించుకోలేదు, ఆగనూ లేదు.

గుమస్తా కళ్లజోడు తీశాడు. "ఏం చేస్తుంటారమ్మా మీరు?"

"గవర్నమెంటు టీచర్నండి."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఇట్టా రాసిస్తే అది ఫైల్లో ఉండిపోద్దమ్మా. ఇప్పుడు బాగానే ఉంటది. రేపు ఎవరన్నా తవ్వితే మీకే ఇబ్బంది. అక్కడి నుంచి ఒకే పేరుతో కాగితం తెప్పించుకుని రండి, నేనేమీ వినలేదు."

ఆయన మంచితనానికి దణ్ణం పెట్టాలనిపించింది. మా అమ్మాయి మాత్రం పెన్ను మూత తీసింది.

"ఆలోచించుకునే వచ్చామండి. ఎట్టా రాయాలో చెప్పండి."

అక్కడే నిలబడి తన చేతిరాతతో రాసింది. మా నాన్న బాప్తిస్మం పేరు ఇది, రికార్డుల్లో పేరు ఇది, ఇద్దరూ ఒక్కరే, నేను ఆయన కూతుర్ని. కింద సంతకం పెట్టి, తన ఉద్యోగం, స్కూలు కూడా రాసింది. ఆ వివరాలు ఎవరూ అడగలేదు. నాకు భయం వేసింది. గర్వంగానూ ఉంది, కానీ భయమే ఎక్కువ. బయటికి వచ్చాక దాన్ని తిట్టాను. రోడ్డు మీదే తిట్టాను. పిల్లల సంగతి ఆలోచించావా అన్నాను. అది నాకు సోడా కొనిచ్చింది.

ఆ కాగితాలు ఢిల్లీ వెళ్లి, సముద్రం దాటి, చేరాల్సిన చోటికి చేరాయి. పేరు మార్చవద్దని పాస్టరుకు అమ్మాయే ఫోన్ చేసి చెప్పింది. కార్నెట్ ఆకు మీద అక్కడి కస్టమ్స్ వాళ్లు ముద్ర వేసి ఇచ్చారు, బండి ఈ దేశంలోనే ఉండిపోయింది అని. బండి ఇప్పుడు కొండ ఎక్కి దిగుతూ కాన్పులకు ఆడవాళ్లను తెస్తోంది. పాస్టరు సమాధి ఫొటో కూడా పంపాడు. సిలువకు ఇత్తడి పలక, దాని మీద ఆయన చర్చి పేరు. ఇన్నేళ్లూ మా ఇంట్లో పిలిచిన పేరు. పెద్దగా ఏడ్చాను, ఇరుగుపొరుగు వచ్చేలా ఏడ్చాను.

కానీ ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగా లేదు. అమ్మాయి స్కూలుకు జిల్లా ఆఫీసు నుంచి ఏ కవరు వచ్చిందన్నా అదేంటో అడుగుతాను. అది జీతం సంగతో, పరీక్షల సంగతో అని తెలిసేదాకా కూర్చోలేను. మొన్న వచ్చినప్పుడు ఉండబట్టలేక అడిగేశాను, ఒకవేళ నిజంగానే నోటీసు వస్తే ఏం చేస్తావే అని.

"వస్తే వెళ్తానమ్మా," అంది. "మీ నాన్న ఎవరు అని అడుగుతారు. చెప్తాను."